ఆమ్ల వర్షం, ప్రయోగ పాఠాలు – 3: ముందు నీళ్ళు, తర్వాత రాళ్ళు

ఈసారి రాళ్ళతో మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠంలో ఒక గిన్నెలో మామూలు నీళ్ళు, ఇంకో గిన్నెలో ఆమ్ల వర్షానికి బదులుగా వెనిగర్ కలిపిన నీళ్ళు పోసి నానబెట్టిన పెసలు చాలామందిని ఇబ్బంది పెట్టాయి. కొందరికి వెనిగర్ గిన్నెలో ఒక్క గింజా మొలకెత్తలేదు. ఇంకొందరికి రెండు గిన్నెల్లోనూ ఒకేలా మొలిచాయి. గింజల్లో లోపం లేదు, తేడా అంతా నీళ్ళలోనే.

మొదటివాళ్ళు వెనిగర్, నీళ్ళు సగం సగం కలిపారు. అలా కలిపితే పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత ఆమ్లం) బాగా పెరుగుతుందనుకోవడం దగ్గరే అందరూ దెబ్బ తింటున్నారు. 5 శాతం వెనిగర్ పీహెచ్ దాదాపు 2.4. పదింతలు పలచన చేసినా 2.9 దగ్గరే ఆగుతుంది. వందింతలకు 3.4. వెయ్యింతలకు, అంటే లీటరు నీళ్ళలో 1 మిల్లీలీటరు వేస్తే, 4 దగ్గరికి వస్తుంది. ఇది బలహీన ఆమ్లం. నీళ్ళు పోసేకొద్దీ, అంతవరకు విడిపోని అణువులు కొత్తగా విడిపోయి, ఆమ్లత్వానికి కారణమైన హైడ్రోజన్ అయాన్లను ఇస్తూనే ఉంటాయి. అందుకే పది రెట్లకు పీహెచ్ అర పాయింటే కదులుతుంది. మామూలు వానే 5.6 చుట్టూ ఉంటుంది. సగం సగం కలిపినవాళ్ళు గింజల్ని ఊరగాయ ఊటలో వేసినట్టే.

రెండోవాళ్ళు కొలత సరిగ్గానే వేశారు, కానీ బోరు నీళ్ళలో. వాటిలోని బైకార్బనేట్లు, అంటే ఆమ్లాన్ని విరిచే లవణాలు, ఆ ఒక్క మిల్లీలీటరు ఆమ్లాన్ని మింగేస్తాయి. కాచిన గిన్నెలో తెల్లటి పొర కట్టే నీళ్ళు దీనికి పనికిరావు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కొనండి. ఆర్వో నీళ్ళు నాకు నచ్చవు, ఒక్కో మిషన్‌వి ఒక్కోలా ఉంటాయి. పీహెచ్ కాగితం ముంచి చూడనిదే గింజ వేయకండి.

ఇక రాళ్ళు. తాండూరు లేదా బేతంచర్ల నాపరాయి ముక్క ఒకటి, గ్రానైట్ ముక్క ఒకటి తీసుకోండి. కొత్తగా విరిగిన అంచు మీద పలచన చేయని వెనిగర్ చుక్క వేసి భూతద్దంతో చూడండి. నాపరాయి సున్నపురాయి, అంటే కాల్షియం కార్బనేట్ కాబట్టి సన్నటి బుడగలు లేస్తాయి. గ్రానైట్ మీద చుక్క కదలదు. తాజ్‌మహల్ పాలరాయి కూడా కాల్షియం కార్బనేటే. గంధకపు పొగ దాన్ని తినేస్తుందనే 1996లో సుప్రీంకోర్టు, చుట్టుపక్కల బొగ్గు, కోక్ వాడే పరిశ్రమల్ని గ్యాస్‌కు మారమని, లేదంటే తరలిపొమ్మని ఆదేశించింది. బడిలో వాడే సుద్దముక్క మాత్రం వద్దు. చాలావరకు అది జిప్సం, కార్బనేట్ కాదు కాబట్టి పొంగదు.

అభ్యాసం: మూడు నాపరాయి ముక్కల్ని 0.01 గ్రాము చూపే తూకంలో తూచి, అసలు వెనిగర్, పదింతలు, వెయ్యింతలు పలచన చేసిన వెనిగర్‌లలో వారం ఉంచండి. రోజూ ద్రావణం మార్చండి. పారబోసే ముందు పీహెచ్ రాసుకోండి. చివర్లో బాగా ఆరబెట్టి మళ్ళీ తూచండి. చెరువు మట్టిలోని సున్నం గురించి చెప్పే వచ్చే పాఠానికి ఈ అంకెలు కావాలి.