బేరియాట్రిక్ ఆపరేషన్ తర్వాత మద్యం: ఏ లక్షణానికి ఏది కారణం, ఏం చేయాలి

బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే బేరియాట్రిక్ ఆపరేషన్లలో స్లీవ్ గానీ, బైపాస్ గానీ, మినీ బైపాస్ గానీ చేయించుకున్నవారికి కనీసం మొదటి ఏడాది మద్యం ముట్టవద్దని డిశ్చార్జి రోజునే చెబుతారు. ఆ మాట మీరు విన్నారనే అనుకుని ఇది రాస్తున్నాను. విన్నవారి చేతికి కూడా ఏ పెళ్లిలోనో, ఏ దసరా దావత్‌లోనో గ్లాసు వస్తుంది, ఆ రాత్రో మర్నాడో ఏదో తేడా చేస్తుంది, ఇంట్లోవారు ఫోన్ చేస్తారు. ఆపరేషన్ అయినవారి ఆహారం చూసే డయటీషియన్‌గా ఇటువంటి ఫోన్లు చాలా ఏళ్లుగా అందుకుంటున్నాను. "ఎక్కువ తాగేశారండీ, పడుకుంటే తగ్గిపోతుందా?" అని వారు అడుగుతారు, "షుగర్ చూశారా?" అని నేను అడుగుతాను. చూశామని చెప్పినవారు బహు తక్కువ. గ్లూకోమీటర్ చాలా ఇళ్లలో అలమరలోనే ఉంటుంది. ఆపరేషన్‌తో మధుమేహం పోయిందన్న సంతోషంలో దాన్ని మరిచిపోతారు. వేలికొసన ఒక చుక్క రక్తం తీసి చూడడానికి నిమిషం పట్టదు. ఆ నిమిషం వెచ్చించకుండా కింద రాసిన కారణాలలో దేన్నీ ఖాయం చేసుకోవద్దు.

ఒక్క పెగ్గుకే తల తిరిగిపోతోంది

ఇందులో రోగం ఏమీ లేదు, దారి మారింది అంతే. మామూలు జీర్ణాశయంలో మద్యం కొంతసేపు నిలుస్తుంది, అక్కడి ఎంజైమ్ దానిలో కొంత భాగాన్ని విరిచేస్తుంది, మిగిలినది నెమ్మదిగా చిన్న ప్రేగులోకి దిగుతుంది. బైపాస్‌లో సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి మాత్రమే మిగులుతుంది కాబట్టి తాగినది దాదాపు తిన్నగా ప్రేగులోకి జారి, నిమిషాలలో రక్తంలో కలుస్తుంది. స్లీవ్‌లో జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా తీసేస్తారు, మిగిలిన గొట్టం త్వరగా ఖాళీ అవుతుంది. బైపాస్ చేయించుకున్న స్త్రీల మీద జరిగిన ఒక పరిశోధనలో, ఆపరేషన్‌కు ముందు నాలుగు డ్రింకులు చూపే ప్రభావం తర్వాత రెండింటికే కనిపించింది. స్లీవ్ విషయంలోనూ ఇటువంటి ఫలితాలే వచ్చాయి.

దీనికి మందు లేదు, లెక్క మార్చుకోవడమే ఉంది. "నాకు రెండు పెగ్గులు ఏమీ కావు" అన్న పాత అనుభవం పాత జీర్ణాశయానిది. తాగేముందు కడుపు నిండా తింటే సరిపోతుందన్న ఉపాయం కూడా ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే నిండడానికి ఆ కడుపులో చోటు లేదు, పైగా భోజనానికి ద్రవానికి మధ్య అరగంట ఎడం పాటించాలన్న నియమం ఉండనే ఉంది. మన చట్టంలో బండి నడిపేవారికి పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. ఇదివరకు ఒక పెగ్గుతో ఆ గీత లోపల ఉండినవారు ఇప్పుడు అదే పెగ్గుతో దాటిపోవచ్చు. అందుచేత ఒక్క గుక్క తాగినా ఆ రోజు తాళం చెవి మరొకరికి ఇచ్చేయాలి.

తాగిన రెండు మూడు గంటలకు చెమటలు, వణుకు, మాట తడబాటు

చూసినవారు తాగుడే అనుకుంటారు. చాలాసార్లు అది రక్తంలో చక్కెర పడిపోవడం. బైపాస్ అయినవారు కూల్‌డ్రింక్‌లో గానీ పళ్లరసంలో గానీ కలుపుకొని తాగితే ఆ తీపి ఒక్కసారిగా ప్రేగులోకి దిగి, ఇన్సులిన్ అవసరానికి మించి విడుదలై, గంట నుంచి మూడు గంటలలోపు చక్కెర పడిపోతుంది. మామూలుగా అటువంటప్పుడు కాలేయం తానే చక్కెర తయారుచేసి ఆదుకుంటుంది. మద్యం కాలేయం చేసే ఆ పనిని అడ్డుకుంటుంది. ఆపరేషన్‌కు ముందు వాడిన గ్లిమెపిరైడ్ వంటి షుగర్ మాత్రను పాత మోతాదులోనే వేసుకుంటున్నవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ.

మీటర్‌లో 70 కంటే తక్కువ చూపి, మనిషి తెలివిగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. చక్కెర నిలబడ్డాక గుడ్డో, కాస్త పెరుగో, పప్పో పెట్టండి. తెలివి తప్పినవారి నోట్లో ఏదీ పోయవద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. "పడుకోనిస్తే దిగుతుంది" అన్న సలహా ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది, ఎందుకంటే చక్కెర పడిపోయిన మనిషి నిద్రలో ఉన్నట్టే కనిపిస్తాడు.

రాత్రి తాగినది మర్నాడు సాయంత్రానికీ దిగలేదు

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

ముందు ఒక లెక్క చూడండి. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీలలో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో ఉండేది సుమారు 60 గ్రాములు. కాలేయం గంటకు రమారమి 7 గ్రాములు కరిగిస్తుంది. ఆపరేషన్ వల్ల మద్యం వేగంగా ఎక్కుతుందే గానీ కాలేయం పనిచేసే వేగంలో పెద్ద మార్పు రాదు. కాబట్టి రాత్రి పది గంటలకు క్వార్టర్ ముగించినవారికి కూడా మర్నాడు పొద్దున ఏడింటికి అటూ ఇటూగా అది దిగిపోవాలి. సాయంత్రం కూడా మనిషి తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ ఉంటే, మధ్యలో మళ్లీ తాగలేదని తేలితే, ఆ తూలుడు మద్యానిది కాదు.

అది థయామిన్, అంటే బీ1 విటమిన్, లోపం కావచ్చు. ఈ విటమిన్ శరీరంలో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. ఆపరేషన్ తర్వాత తిండి తగ్గుతుంది, కొందరికి వాంతులు పట్టుకుంటాయి, విటమిన్ మాత్ర వేసుకున్నా వాంతితో బయటికి వస్తుంది. మెత్తని ఆహారం పేరుతో ఇళ్లలో ఇచ్చే తెల్లబియ్యపు గంజిలో థయామిన్ నామమాత్రం. ఉత్తర కోస్తా జిల్లాలలో ఒకప్పుడు మరపట్టిన బియ్యం వల్లనే బెరిబెరి ఉండేదని పెద్దవాళ్లు కొందరికి ఇప్పటికీ గుర్తు. ఇటువంటి శరీరంలోకి మద్యం వెళితే ప్రేగు థయామిన్‌ను పీల్చుకోవడం ఇంకా తగ్గిపోతుంది. దాని ఫలితంగా మెదడుకు కలిగే దెబ్బను 1881లో కార్ల్ వెర్నికె మొదటిసారి వర్ణించాడు. ఆయన చూసిన ముగ్గురు రోగులలో ఇద్దరు తాగుడు అలవాటున్న మగవాళ్లు, మూడో మనిషి గంధకికామ్లం తాగి జీర్ణాశయం దెబ్బతిని వారాల తరబడి వాంతులు చేసుకున్న ఒక కుట్టుపని అమ్మాయి. తాగుడు ఒక్కటే తెచ్చిపెట్టగల జబ్బు అది, వాంతులు ఒక్కటే తెచ్చిపెట్టగల జబ్బు కూడా అదే. మన రోగిలో ఆ రెండూ కలుస్తున్నాయి.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. స్లీవ్ అయి పదో వారంలో ఉన్న ఒకాయన, అన్నం మొదలుపెట్టినప్పటి నుంచి వాంతులవుతున్నాయని ఫోన్ చేశారు. బాగా నమలమని, ద్రవాలు ఎక్కువ తీసుకోమని చెప్పాను. ఎన్ని రోజుల నుంచి అవుతున్నాయని అడగలేదు, విటమిన్ మాత్ర కడుపులో నిలుస్తోందా అనీ అడగలేదు. అప్పటికే అవి మూడు వారాలుగా అవుతున్నాయి. తర్వాత బంధువుల గృహప్రవేశంలో ఆయన రెండు పెగ్గులు తాగారు. మర్నాడు గోడ పట్టుకుని నడుస్తుంటే ఇంట్లోవారు హ్యాంగోవర్ అనుకున్నారు. రెండో రోజు దగ్గరలో ఉన్న చోట రెండు గ్లూకోజ్ బాటిళ్లు ఎక్కించారు. ఆ సాయంత్రం నుంచి ఆయన ఉన్న ఊరు కూడా చెప్పలేకపోయారు. "మేడమ్, మా ఆయనకి ఇంకా దిగలేదు" అని మూడో రోజు ఆవిడ ఫోన్ చేసినప్పుడు నాకు గుండె ఆగినట్టయింది. థయామిన్ ఇంజెక్షన్లు పడ్డ రెండు రోజులకు కళ్ల అదురు తగ్గింది, నడక సరికావడానికి నెలలు పట్టింది, జ్ఞాపకశక్తి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

గ్లూకోజ్ బాటిల్ ఎందుకు ముంచిందో తెలుసుకోవాలి. గ్లూకోజ్‌ను శక్తిగా మార్చడానికి శరీరానికి థయామిన్ కావాలి. అడుగంటిన నిల్వ మీద గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోతుంది. నీరసమనగానే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి ఒక బాటిల్ పెట్టించుకోవడం మన ఊళ్లలో అంత సహజమైపోయింది కాబట్టి, ఆపరేషన్ అయిన మనిషికి వారాలుగా వాంతులుంటే థయామిన్ లేని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించవద్దని ఇంట్లోవారే గట్టిగా చెప్పాలి. ఒక్క మినహాయింపు ఉంది: మీటర్‌లో చక్కెర నిజంగానే పడిపోయి ఉంటే గ్లూకోజ్ ఆపకూడదు, దానితో పాటే థయామిన్ కూడా ఇవ్వమని అడగాలి.

ఇంట్లో చూడవలసినవి తేలికే. మీ వేలిని రోగి కళ్ల ముందు పక్కలకు కదిలించి, చూపుతో అనుసరించమనండి. కళ్లు అదిరినా, ఒకటి రెండుగా కనిపిస్తోందని చెప్పినా ఆలస్యం చేయవద్దు. గీత మీద నడిచినట్టు ఒక పాదం వేళ్లకు మరో పాదం మడమ ఆనించి నడవమనండి. అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు ఉన్నాయేమో అడగండి. కళ్లు, నడక, మతిమరుపు మూడూ ఒకేసారి కనిపించేది కొద్దిమందిలోనే కనుక మూడింటి కోసం ఎదురుచూడకూడదు, ఒక్కటి చాలు. ఆసుపత్రిలో "తాగి వచ్చాడు" అని మొదలుపెట్టకండి. "బరువు తగ్గించే ఆపరేషన్ అయింది, ఇన్ని వారాలుగా వాంతులున్నాయి, థయామిన్ లోపం ఉందేమో చూడండి" అని మొదలుపెట్టండి. తాగిన సంగతి దాచకుండా ఆ తర్వాత చెప్పండి. చికిత్స రక్తనాళంలోకి ఇచ్చే ఇంజెక్షనే, ఈ దశలో మాత్రలు సరిపోవు. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగవలసిన అవసరం కూడా లేదు, ఇంజెక్షన్ వల్ల వచ్చే నష్టం అత్యల్పం, ఆలస్యం వల్ల వచ్చేది శాశ్వతం.

కడుపు పైభాగంలో మంట, నల్లటి విరేచనం

బైపాస్ అయినవారిలో సంచికి ప్రేగుకు వేసిన అతుకు దగ్గర పుండు పడిందేమో చూడాలి. మద్యాన్ని నిందించే ముందు మర్నాడు తలనొప్పికి ఏ మాత్ర వేసుకున్నారో అడగండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, సిగరెట్ ఈ పుండుకు ముఖ్య కారణాలు. విరేచనం తారులా నల్లగా ఉంటే అదే రోజు ఎండోస్కోపీ సౌకర్యమున్న ఆసుపత్రికి వెళ్లాలి. స్లీవ్ అయినవారికి బీరు తాగాక గుండెల్లో మంట రావడం మాత్రం ఎక్కువగా గ్యాస్ వల్ల, రిఫ్లక్స్ వల్ల, అంటే కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం వల్ల.

రెండో ఏడాది నుంచి రోజూ తాగాలనిపిస్తోంది, బరువు కూడా పెరుగుతోంది

బరువు లెక్క సులువు. గ్రాము ఆల్కహాల్‌కు 7 కేలరీల చొప్పున ఒక క్వార్టర్‌లోనే 400 పైచిలుకు కేలరీలు ఉంటాయి. అలవాటు అంత సులువైన విషయం కాదు. అమెరికాలో పది ఆసుపత్రుల రోగుల మీద జరిగి 2012లో వెలువడిన అధ్యయనంలో, మద్యం సమస్య ఆపరేషన్‌కు ముందు 7.6 శాతం మందిలో, మొదటి ఏడాది తర్వాత 7.3 శాతంలో, రెండో ఏడాదికి 9.6 శాతంలో కనిపించింది. బైపాస్ అయినవారిలో ఇది ఎక్కువ. సరిగ్గా ఆ రెండో ఏడాదిలోనే మనవాళ్లు ఫాలో అప్‌కు రావడం మానేస్తారు. వేగంగా ఎక్కే మత్తు మళ్లీ మళ్లీ కోరేలా చేస్తుంది, ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మీ సర్జన్ బృందానికి చెప్పండి, లేదా 14416కు ఫోన్ చేసి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడండి. రోజూ తాగే అలవాటు పడినవారు ఇంట్లో ఒక్కసారిగా మానేయకూడదు, ఫిట్స్ రావచ్చు, డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి.

ఇక మిగిలినవి

వేగంగా బరువు తగ్గినవారిలో పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా పాంక్రియాస్ (క్లోమం) వాపు రావచ్చు. కుడి డొక్కలో గానీ, వీపుదాకా పాకేలా గానీ తగ్గని నొప్పి వస్తే స్కానింగ్‌లోనూ లైపేజ్ అనే రక్తపరీక్షలోనూ తేలిపోతుంది. ఇంట్లో కూర్చుని ఊహించవలసిన పని లేదు.