ఎండలు ముదిరేలోపే పిల్లలను లేపించండి: పెరటి కోళ్లకు వేసవి జాగ్రత్తలు

సంక్రాంతి వెళ్లిన వారం పది రోజులకు మా పెరట్లో ఏదో ఒక పెట్ట గంప దిగకుండా కూర్చుంటుంది. దగ్గరికి చేయి పోనిస్తే ఈకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. పొదుగుకు వచ్చిందన్నమాట. అప్పుడు నేను మొదట చేసే పని క్యాలెండరు తీయడం. మా ఊరు గుంటూరుకు దగ్గరే, మిర్చి పొలాల మధ్య. ఇక్కడ కోడిపిల్లల బతుకు ఏ తేదీన గుడ్లు పొదగవేశామన్న దానిపైనే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు. ఆ పిల్లకు కొక్కెర తెగులు టీకాలు మూడు విడతలూ పూర్తికావడానికి మరో ఎనిమిది వారాలు. మొత్తం పదకొండు వారాలు. జనవరి చివరలో పొదగవేస్తే ఏప్రిల్ నడిమికల్లా పిల్లలు ఒళ్లంతా ఈకలు కట్టుకుని, టీకాలన్నీ ముగించుకుని, తల్లిని వదిలి తిరుగుతుంటాయి. శివరాత్రికి వేస్తే మే నెలలో పడతాం. అదే ఆఖరి గడువు. ఉగాదికి వేస్తే రోహిణి కార్తె నాటికి ఆ పిల్లలకు ఐదారు వారాలే ఉంటాయి. రోళ్లు పగిలే ఎండలో, టీకాలు సగంలో ఉన్న పిల్లలను కాపాడటం చాలా కష్టం. రెంటచింతల ఎండ గురించి ఏటా వార్తల్లో చదువుతూనే ఉంటాం. విజయవాడలో 45 డిగ్రీలు దాటిన రోజులనూ చూశాం. అందుకే శివరాత్రి దాటాక కొత్తగా గుడ్లు వేయవద్దని అడిగినవారందరికీ చెబుతున్నాను.

గుడ్లు ఎక్కడ దాచారు?

ఈ ప్రశ్న నన్ను ఒక పశువైద్యుడు అడిగారు. కొన్నేళ్ల క్రితం ఏప్రిల్‌లో పదమూడు గుడ్లు వేశాను. పెట్ట మంచిది, అంతకు ముందు రెండుసార్లు పిల్లలను చేసినదే. ఈసారి మాత్రం మూడే లేచాయి. మిగిలినవి పగలగొట్టి చూస్తే చాలా గుడ్లలో సన్నని ఎర్రటి వలయం కనిపించింది. తప్పు పెట్టదే అనుకున్నాను. ఆయన మాత్రం గుడ్లు ఎన్ని రోజులు, ఎక్కడ దాచావని అడిగారు. పది రోజులు, వంటింటి అలమరలో అన్నాను. కారణం అదేనన్నారు.

గుడ్డులోని జీవం ఎదగడానికి 37.5 డిగ్రీల వేడి కావాలి. కానీ 20 డిగ్రీలు దాటి కాస్త పైకి వెళితే చాలు, అది నిద్ర లేస్తుంది. వేసవిలో మన వంటింట్లో 34, 35 డిగ్రీలు ఉంటుంది. లేచిన జీవానికి అది చాలీచాలని వేడి. కాస్త ఎదుగుతుంది, రాత్రి కాస్త ఆగుతుంది, మళ్లీ ఎదుగుతుంది. చివరికి పెట్ట కిందికి చేరకముందే చచ్చిపోతుంది. ఆ ఎర్రటి వలయం దాని గుర్తే. ఇన్ని గుడ్లు నా చేతులారా పాడుచేశానే అని ఆ రోజు నిజంగా బాధ కలిగింది.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. వెడల్పాటి బేసినులో ఇసుక పోసి తడుపుతాను. అందులో మట్టికుండను సగం దాకా పాతి, లోపల ఎండుగడ్డి పరిచి గుడ్లు పెడతాను. మూతిమీద పలుచని గుడ్డ. బేసినులోని ఇసుక ఆరకుండా పొద్దున, సాయంత్రం నీళ్లు చల్లాలి. గుడ్లకు మాత్రం తడి తగలకూడదు. సన్నని కొన కిందికి ఉండాలి. జనవరిలో ఇలా వారం రోజులు దాచవచ్చు. ఎండలు మొదలైతే మూడు నాలుగు రోజులకు మించి వద్దు. గూట్లో పెట్టిన గుడ్డును సాయంత్రం దాకా అక్కడే వదలకుండా రోజుకు రెండుసార్లు తీయండి.

ఫ్రిజ్‌లో పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. ఆ చలికి జీవం క్రమంగా చచ్చిపోతుంది. పైగా బయటికి తీయగానే పెంకుకు చెమ్మ పడుతుంది. చెమ్మతోపాటు పెంకు మీది మురికి సన్నని రంధ్రాల గుండా లోపలికి పోతుంది. గుడ్లను కడగవద్దు అనేదీ ఇందుకే. పెంకుకు సహజంగా ఉన్న పూత కడిగితే పోతుంది. మురికిగా ఉన్న గుడ్డును కూరకు వాడుకోండి, మధ్యస్థంగా, శుభ్రంగా ఉన్నదాన్ని పొదగవేయండి. మరీ పెద్ద గుడ్డులో రెండు సొనలు ఉండవచ్చు, దాన్నీ పక్కన పెట్టండి.

ఇంకొక మాట. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నాయి. బాగా పెడతాయి, బాగా పెరుగుతాయి. కానీ అవి సంకర రకాలు. వాటి గుడ్లను మన నాటుపెట్ట కింద వేస్తే పిల్లలు లేస్తాయి గానీ తల్లిదండ్రుల గుణాలు అన్నింటికీ సమంగా రావు. ఆ రకాలు కావాలంటే పిల్లలనే కొనుక్కోవాలి. పొదిగించడానికి నాటు గుడ్లే మేలు.

గంప, చీమలు, పేలు

నాటుపెట్ట కిందికి పది పన్నెండు గుడ్లు చాలు. పెట్ట చిన్నదైతే ఎనిమిది. ఎక్కువ వేస్తే అంచున ఉన్నవి చల్లబడతాయి, పెట్ట వాటిని మార్చి మార్చి లోపలికి లాక్కుంటుంటే అన్నీ చెడతాయి. నాయనమ్మ ఎప్పుడూ బేసి సంఖ్యే వేసేది, గంపలో ఒక ఇనుప ముక్క కూడా పెట్టేది. ఆవిడ మీది గౌరవంతో నేనూ పెడతాను. కానీ పిల్లలను కాపాడేది గంప పెట్టిన చోటు.

సిమెంటు రేకుల కింద గంప పెట్టవద్దు. ఫిబ్రవరిలో చల్లగానే ఉంటుంది, మార్చి వచ్చేసరికి పెనంలా మారుతుంది. తాటాకు పంచ, వేపచెట్టు నీడ పడే గోడ మూల, చీకటిగా గాలి ఆడే కొట్టు మంచివి. విజయవాడలో మేడ మీద పెంచేవారు పొదిగే పెట్టను మాత్రం కింది అంతస్తుకు దించాలి. పగలంతా తాగిన వేడిని శ్లాబు రాత్రంతా కక్కుతూనే ఉంటుంది.

చీమల సంగతి చాలామంది పట్టించుకోరు. పిల్ల పెంకుకు రంధ్రం చేసుకున్న గంటల్లో, ఆ తడి వాసనకు ఎర్రచీమలు బారులు కడతాయి. బయటికి రాలేని పిల్లను లోపలే కొరికి చంపుతాయి. ఒకసారి చూస్తే ఆ దృశ్యం మరిచిపోలేం. చిన్న బల్ల మీద గంప పెట్టి, బల్ల కాళ్లను నీళ్లు పోసిన చిప్పల్లో ఉంచండి. ఆ నీళ్లు ఇంకిపోకుండా రోజూ చూడండి.

కోడిపేలు పట్టిన పెట్ట పదిహేనో రోజున గంప దిగి వెళ్లిపోతుంది. దాన్ని తిట్టి లాభం లేదు, ఒళ్లంతా కుడుతుంటే ఎలా కూర్చుంటుంది? గుడ్లు వేసే ముందే రెక్కల కింద, తోక మొదట్లో ఈకలు విడదీసి చూడండి. గంపలో గడ్డి కింద పొడి బూడిద, ఎండు వేపాకు వేయండి. పెట్ట పొర్లాడటానికి పక్కనే ఇసుక, బూడిద కలిపిన గుంట ఉండాలి. పేలు ఎక్కువగా ఉంటే పశువైద్యశాలలో మందు అడగండి. పొలంలో కొట్టే పురుగుమందును కోడికి పూయడం మాత్రం ఎన్నడూ చేయవద్దు.

గుడ్లన్నీ ఒకేసారి, చీకటి పడ్డాక పెట్ట కిందికి చేర్చండి. పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి, లేకపోతే వేరే పెట్టలు వచ్చి పెట్టిపోయిన గుడ్లు వాటిలో కలిసిపోతాయి. నీళ్లు, గింజలు గంపకు నాలుగడుగుల దూరంలో ఉంచితే పెట్ట రోజుకోసారి దిగి, పావుగంటలో తిని, రెట్ట వేసి తిరిగి ఎక్కుతుంది.

ఏడో రాత్రి ఫోను టార్చి వెలుగులో గుడ్లు చూడండి. సాలెగూడులా నరాలు కనిపిస్తే జీవం ఉన్నట్టు. ఏమీ లేకుండా తేటగా ఉన్నా, ఎర్రటి వలయం కనిపించినా తీసేయండి. మురిగిన గుడ్డు గంపలో పగిలితే మిగిలినవాటికీ ముప్పే. పద్దెనిమిదో రోజు తర్వాత మాత్రం గుడ్లను అసలు కదపవద్దు.

పెంకుకు రంధ్రం పడ్డాక పిల్ల పూర్తిగా బయటపడటానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఆలస్యమవుతోందని పెంకు వలిచి సాయం చేయాలనిపిస్తుంది. చేయకండి. లోపలి పొరలోని రక్తనాళాలు అప్పటికి ఇంకా ఆరవు, సొన ఇంకా పొట్టలోకి పూర్తిగా పోదు. ఆ సొనతోనే పిల్ల రెండు రోజులు మేత లేకుండా ఉండగలదు, కాబట్టి మేతకూ తొందర లేదు.

టీకా కోసం ఇరుగుపొరుగు ఒకటి కావాలి

వేసవిలో పెరటి కోళ్లను ఊడ్చిపెట్టేది కొక్కెర తెగులు. ఆకుపచ్చగా, తెల్లగా పారడం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మెడ వంకరపోవడం దాని గుర్తులు. వచ్చాక మందు లేదు. పిల్లకు ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా అనే టీకా గానీ ఎఫ్1 అనే టీకా గానీ కంట్లో చుక్క వేయించాలి. నాలుగో వారంలో లసోటా మళ్లీ వేయించాలి. ఎనిమిదో వారంలో ఆర్2బి అనే టీకా సూది. ఈ సూది మందు ఘాటైనది. ఆరు వారాలు నిండని పిల్లకు వేస్తే తెగులు తెచ్చిపెట్టినట్టే. ఎలాగూ వచ్చాం కదా అని పెద్దవాటితోపాటు చిన్నవాటికీ వేయించకండి.

ఒక్క సీసాలో వంద మోతాదులు, అంతకు మించి కూడా ఉంటాయి. ఇంటికి పదిహేను కోళ్లున్నవారు ఒక్కరే కొనడం దండగ అనుకుని మానేస్తారు, ఊరంతా నష్టపోతుంది. మా వీధిలో ఏడెనిమిది ఇళ్లవాళ్లం ఒక రోజు అనుకుని, తెల్లవారుజామున, కోళ్లను ఇంకా గంపల కింద నుంచి వదలకముందే అందరివీ వేయిస్తాం. టీకాను మంచు ముక్కల మధ్య తేవాలి. కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. ఎండలో చేతిసంచిలో తెచ్చిన టీకా వేసినా వేయనట్టే. జబ్బుగా ఉన్న కోడికి వేయవద్దు. సందేహాలుంటే ఊళ్లోని పశుసంవర్ధక సిబ్బందిని అడగండి. విజయవాడ వైపు వారికి గన్నవరం పశువైద్య కళాశాల దగ్గరే.

సంతలో కొన్న కోడిని, పండగ పందేల నుంచి తెచ్చిన పుంజును నేరుగా మందలో కలపవద్దు. మూడు వారాలు వేరుగా ఉంచండి. తెగులు పెరట్లోకి ఎక్కువగా వచ్చే దారి ఇదే.

కల్లాల్లో కోళ్లు

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన వైపు ఎక్కడ చూసినా మిర్చి కల్లాలే. కోళ్లకు కారం తెలియదు, మిరపగింజలను హాయిగా ఏరుకుని తింటాయి. భయం కారం వల్ల కాదు, మందుల వల్ల. మందు కొట్టిన చేలో చచ్చిపడిన పురుగులను తిన్న కోడి, మందు పట్టించిన విత్తనాలను తిన్న కోడి గంటల్లో నోట నురగలతో పడిపోవచ్చు. పక్కచేలో మందు కొడుతున్నారని తెలిస్తే ఆ రోజూ మర్నాడూ కోళ్లను వదలకండి. ఖాళీ పురుగుమందు డబ్బాను కోసి నీళ్ల తొట్టిగా వాడటం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో చూస్తున్నాను. ఎన్నిసార్లు కడిగినా అది విషపు డబ్బానే. దయచేసి పారేయండి.

పిల్లలకు మూకుడులో నీళ్లు పోసి గులకరాళ్లు వేయండి, లేకపోతే అందులో పడి చస్తాయి. నూకలు ఒక్కటే పెడితే ఎదుగుదల ఉండదు. చెదలు, నలిపిన మునగాకు, బూజు లేని వేరుశనగ చెక్క పొడి కొద్దిగా కలపండి. చెక్కకు బూజు వాసన వస్తే ఒక్క చిటికెడు కూడా వద్దు, అది కాలేయాన్ని తినేస్తుంది. కింద ఊక తడిస్తే మార్చండి. తడి ఊకలోనే రక్తపారుడు పుడుతుంది.

కాకి, గద్ద, ముంగిస, పిల్లి పగటి శత్రువులు. రాత్రి వచ్చేది పందికొక్కు. గోడ కింద మట్టి తవ్వి ఒక్క రాత్రిలో గంపెడు పిల్లలను ఎత్తుకుపోతుంది. గూడు నేలను గట్టి చేయండి, జాలీ కన్నాలు బొటనవేలు పట్టనంత చిన్నవిగా ఉండాలి.

మే నెల మధ్యాహ్నాలు

పెద్ద కోళ్లకు ఉదయం ఏడు లోపు ఒక మేత, సాయంత్రం ఐదు తర్వాత ఒక మేత. మధ్యాహ్నం పొట్ట నిండా తిన్న కోడికి అరిగే వేడి, బయటి ఎండ రెండూ కలుస్తాయి. నీళ్లు మట్టి తొట్లలో, నీడలో, రోజుకు మూడుసార్లు మార్చాలి. తడి గోనెపట్టాలు గాలి వచ్చే వైపే కట్టండి. నాలుగు వైపులా కట్టేస్తే లోపల ఉక్క పెరిగి కోళ్లు మరింత ఉడికిపోతాయి. రెక్కలు దించి, నోరు తెరిచి, నిలబడలేక ఒరిగిపోతున్న కోడిని వెంటనే మెడ దాకా నీళ్లలో ముంచి తీసి నీడలో ఉంచండి, ముక్కులోకి నీరు పోకుండా చూసుకోండి.

ఒకేసారి నాలుగైదు కోళ్లు చనిపోతే అది ఎండ దెబ్బే అనుకుని ఊరుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ ఎలా వ్యాపించిందో చూశాం. చచ్చినవాటిని వట్టి చేతులతో తాకకండి, కోసి వండకండి, కాలువలో విసరకండి. పశువైద్యశాలకు చెప్పి, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. గూడు ఊడ్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి, పసిపిల్లలను ఆ చుట్టుపక్కల ఆడనివ్వకండి.

ఇన్ని చెప్పినా మే నెలలో ఏదో ఒక పెట్ట పొదుగుకు వస్తుంది. గుడ్లు వేయకండి. కింద గాలి తగిలేలా జాలీ ఉన్న పెట్టెలో, నీడలో నాలుగు రోజులు ఉంచి, నీళ్లు, మేత బాగా పెడితే పొదుగు దిగి, కొన్నాళ్లకు మళ్లీ గుడ్లు పెడుతుంది. వానలు తగ్గి దసరా వచ్చేసరికి అదే పెట్ట ఇంకోసారి గంపలో కూర్చుంటుంది. అప్పుడు వేయండి.