నలుగురు కలిసి పనిచేసే రెవిట్ మోడల్‌కు యాడ్-ఇన్ రాయడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలోని మా చిన్న ఆఫీసులో, రెవిట్ అనే భవన డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో స్టిల్ట్ మీద 5 అంతస్తుల అపార్ట్‌మెంట్ మోడల్‌ను నలుగురం ఒకేసారి తెరుచుకుని పనిచేస్తాం. అందరికీ ఉమ్మడిదైన సెంట్రల్ మోడల్ ఆఫీసు సర్వర్‌లో ఉంటుంది; ఎవరి లోకల్ కాపీలో వారు గీసుకుని, వీలు చూసుకుని సింక్ చేస్తారు, అంటే తమ మార్పులను సెంట్రల్‌తో కలుపుతారు. తలుపులన్నింటికీ అంతస్తులవారీగా నంబర్లు వేసే యాడ్-ఇన్‌ను (రెవిట్‌కు అదనంగా జోడించే చిన్న ప్రోగ్రామును) నేను మొదట రాసినప్పుడు, ఒక్కరే వాడే ఫైలులో అది చక్కగా నడిచింది. ఈ మోడల్‌లో మాత్రం మూడో అంతస్తులోని ఒకే ఒక్క పూజగది తలుపు మరొకరి చేతిలో ఉన్నందువల్ల (ఒకరు మార్చుతున్న వస్తువును వారు వదిలేదాకా ఇతరులు మార్చలేరు), మిగిలిన తలుపులకు వేసిన నంబర్లు కూడా మొత్తం రద్దయిపోయాయి. అటువంటి నష్టం జరగకుండా యాడ్-ఇన్‌ను ఎలా కట్టాలో ఆ తలుపుల ఉదాహరణతోనే వివరిస్తాను.

ముందుగా విజువల్ స్టూడియోలో సీ షార్ప్ క్లాస్ లైబ్రరీ ప్రాజెక్టును తెరవండి. రెవిట్ 2021 నుంచి 2024 వరకు డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8ను, 2025కు డాట్‌నెట్ 8ను ఎంచుకోవాలి. రెవిట్‌తో పాటు వచ్చే రెవిట్ ఏపీఐ, రెవిట్ ఏపీఐ యూఐ అనే రెండు డీఎల్ఎల్ ఫైళ్లను రిఫరెన్స్‌గా చేర్చి, వాటి ‘కాపీ లోకల్’ను ఆపేయండి. ‘ఐ ఎక్స్‌టర్నల్ కమాండ్’ ఇంటర్‌ఫేస్‌తో ఒక క్లాసు రాసి, ట్రాన్సాక్షన్ (మోడల్‌లో చేసే మార్పులను ఒక కట్టగా ఉంచేది) పద్ధతిని ‘మాన్యువల్’గా ఉంచండి.

తరువాత, మోడల్‌లోని వస్తువులను వెతికే ‘ఫిల్టర్డ్ ఎలిమెంట్ కలెక్టర్’ అనే క్లాసుతో తలుపులన్నింటినీ ఏరుకోవాలి. డి1, డి2 అనేవి తలుపు రకానికి చెందిన గుర్తులు కాబట్టి వాటిని ముట్టుకోకుండా, ఒక్కొక్క తలుపుకు విడిగా ఉండే ‘మార్క్’ గడిలో మాత్రమే 3-04 వంటి నంబరు రాయాలి. కొలతలతో పని ఉంటే, రెవిట్ లోపల పొడవులన్నీ అడుగులలోనే ఉంటాయని గుర్తుంచుకుని, మిల్లీమీటర్ల విలువను 304.8తో భాగించి ఇవ్వాలి.

అసలు జాగ్రత్త అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఒక తలుపు ఎవరి చేతిలో ఉందో చెప్పే ‘గెట్ చెకౌట్ స్టేటస్’ అనే పిలుపు ఉంది గాని, అది మన కంప్యూటర్‌లో దాచి ఉంచిన పాత సమాచారాన్నే చెప్పవచ్చు. తెర మీద చూపించడానికి అది సరిపోతుంది, కాని దాన్ని నమ్మి మార్పులకు దిగకూడదు. ట్రాన్సాక్షన్ తెరవకముందే, కావలసిన తలుపులన్నింటినీ ఒకే జాబితాగా ‘చెకౌట్ ఎలిమెంట్స్’కు ఇవ్వండి, విడివిడిగా అడిగితే నెట్‌వర్క్ మీద భారం పెరుగుతుంది. నిజంగా మన చేతికి వచ్చిన తలుపుల జాబితాను అది తిరిగి ఇస్తుంది. అందులో లేనివాటిని పక్కన పెట్టాలి. చేతికి వచ్చినా, సెంట్రల్‌లో ఈలోగా మారిపోయిన లేక తొలగించిన తలుపులు ఉండవచ్చు కాబట్టి, ‘గెట్ మోడల్ అప్‌డేట్స్ స్టేటస్’తో వాటినీ వడగట్టిన తరువాతే ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి నంబర్లు రాయాలి.

పక్కన పెట్టిన తలుపుల గురించి వాడేవారికి తప్పక చెప్పండి. ‘వర్క్‌షేరింగ్ టూల్‌టిప్ ఇన్ఫో’ ద్వారా ఆ తలుపు ఎవరి దగ్గర ఉందో తెలుస్తుంది. ‘ఎర్రర్’ అన్న ఒక్క మాట కంటే, ఫలానా తలుపు ఫలానా వారి దగ్గర ఉందని చూపిస్తే, పక్క బల్ల దగ్గరికి వెళ్లి ‘ఒకసారి సింక్ చేసి వదిలేస్తారా?’ అని అడగడానికి వీలవుతుంది.

నంబర్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఇద్దరు తమ తమ లోకల్ కాపీల్లో కొత్త తలుపులు పెట్టి, ఇద్దరూ యాడ్-ఇన్ నడిపితే, రెండు తలుపులకు 3-09 పడుతుంది. ఒకరి కొత్త తలుపు మరొకరికి ఇంకా కనబడదు. అందువల్ల నంబర్లు వేసే పనిని ఒక్కరికే అప్పగించి, అందరూ సింక్ చేశాక, ఆ ఒక్కరు ‘రీలోడ్ లేటెస్ట్’తో సెంట్రల్‌లోని కొత్త మార్పులను తెచ్చుకున్న తరువాతే నడపడం మేలని నా అభిప్రాయం. తలుపుల పట్టికను ఎక్సెల్‌లో దాచుకునేటప్పుడు ఎలిమెంట్ ఐడీ కాకుండా యూనిక్ ఐడీ రాసుకోవాలి, ఎందుకంటే సింక్ సమయంలో ఎలిమెంట్ ఐడీ మారే అవకాశం ఉంది.

యాడ్-ఇన్ చేత దానంతటదే సింక్ చేయించవద్దు. వాడేవారు సగం గీసిన గోడ కూడా దానితో పాటే అందరికీ వెళ్లిపోతుంది. పైగా చేతిలో ఉన్నవాటిని వదిలేసే ‘రిలింక్విష్’ ఐచ్ఛికాలన్నీ పెడితే, వారు కావాలని పట్టి ఉంచుకున్న వర్క్‌సెట్లు (మోడల్‌లోని వస్తువుల గుంపులు) కూడా చేజారిపోతాయి.

పరీక్షకు అసలు మోడల్‌ను వాడకండి. దాన్ని సెంట్రల్ నుంచి విడదీసి తెరిచి, వర్క్‌సెట్లను ఉంచుకుని, వేరే పేరుతో కొత్త సెంట్రల్‌గా సేవ్ చేయండి. రెండు కంప్యూటర్లలో, రెండు వేర్వేరు యూజర్ పేర్లతో దాన్ని తెరిచి, రెండో కంప్యూటర్‌లో ఒక తలుపును కొద్దిగా జరిపి సింక్ చేయకుండా వదిలేసి, మొదటి దానిలో యాడ్-ఇన్ నడపండి. ఆ ఒక్క తలుపు పేరు సందేశంలో కనబడి, మిగిలినవాటికి నంబర్లు పడితే, డీఎల్ఎల్‌ను, దాని చిరునామా చెప్పే యాడిన్ ఫైలును అందరి కంప్యూటర్లలోనూ ఆ రెవిట్ సంవత్సరపు యాడిన్స్ ఫోల్డర్‌లో పెట్టి, రెవిట్‌ను మూసి తెరవమని చెప్పండి.