బావ షాపులో పాత పీసీ, విండోస్ 10, ఆ పెళ్లికార్డుల సాఫ్ట్‌వేర్: నా అనుభవం

మా బావకి చిన్న డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు డిజైన్ చేసి ప్రింట్ తీసే) షాపు ఉంది, పెళ్లికార్డులు ఫ్లెక్సీలు అవీ. సిస్టమ్ ఐ3 ప్రాసెసర్, విండోస్ 7 32 బిట్. 2020 జనవరిలోనే సెవెన్‌కి సపోర్ట్ ఆగిపోయింది కదా, మార్చేద్దాం రా అని నేనే అన్నా, అదే నా పాపం. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) వేసి విండోస్ 10 64 బిట్ ఎక్కించా, 32 బిట్ అయితే 4 జీబీ దాటి ర్యామ్ వాడుకోదు కాబట్టి. స్పీడ్ బ్రహ్మాండం. తీరా పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ సీడీ పెడితే "ఈ యాప్ మీ పీసీలో రన్ అవ్వదు" అంటుంది. కంపాటిబిలిటీ మోడ్ (పాత విండోస్‌లా నటించే సెట్టింగ్) కూడా పెట్టి చూశా, ఊహూఁ. దాని సెటప్ ఫైల్ 16 బిట్ది, అంటే 32 కంటే ఇంకా పాతకాలం రకం, 64 బిట్ విండోస్‌లో 16 బిట్ అసలు నడవదు. పాత ఫైల్లోంచి మేటర్ తీసి వర్డ్‌లో పేస్ట్ చేస్తే శ్రీరస్తు శుభమస్తు కాస్తా ఏవో పిచ్చి గుర్తులైపోయింది, ఆ ఫాంట్ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదుగా. బావ ఏమీ అనలేదు గానీ అక్క చూసిన చూపు ఉంది చూడండీ...

చివరికి వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, బయాస్‌లో (పీసీ ఆన్ అవ్వగానే వచ్చే సెట్టింగ్స్) దానికి కావాల్సిన వర్చువలైజేషన్ ఆన్ చేసి, బీరువాలో ఉన్న పాత విండోస్ ఎక్స్‌పీ సీడీతో లోపల ఎక్స్‌పీ ఎక్కించా, 1 జీబీ ర్యామ్ చాలు దానికి. మొదట ఆ లోపలి కంప్యూటర్ డిస్క్‌ని సాటా (కొత్త రకం డిస్క్ కనెక్షన్) అని పెడితే బ్లూ స్క్రీన్, 7బీ ఎర్రర్, ఎక్స్‌పీ దగ్గర ఆ డ్రైవర్ ఉండదు, పాత రకం ఐడీఈకి మార్చగానే లేచింది. అందులో పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, గెస్ట్ అడిషన్స్ (వర్చువల్‌బాక్స్‌తో వచ్చే డ్రైవర్లు) వేసి, లోపలా బయటా కనిపించే షేర్డ్ ఫోల్డర్ ఇచ్చా, బావ ఆ ఫోల్డర్లో పీడీఎఫ్ సేవ్ చేసి బయట విండోస్ టెన్‌లోంచి ప్రింట్ కొడుతున్నాడు. భద్రత కోసం ఎక్స్‌పీకి నెట్ మాత్రం పీకేశా.