మహిళా డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్ పదవికి సిద్ధపడడం ఎలా?

ఈ పదవిని ఆశించే అధ్యాపకురాలు ముందుగా యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనలు చదువుకోవాలి. వాటి ప్రకారం పీహెచ్‌డీ, ప్రొఫెసర్ లేదా అసోసియేట్ ప్రొఫెసర్ హోదా, బోధన లేదా పరిశోధనలో కనీసం 15 ఏళ్ల అనుభవం, 10 పరిశోధన వ్యాసాలు, 110 పరిశోధన స్కోరు (వ్యాసాలు, పుస్తకాల వంటి పరిశోధన పనికి ఇచ్చే పాయింట్లు) ఉండాలి. పదవీకాలం 5 ఏళ్లు. నియామక ఉత్తర్వులు, వ్యాసాల ప్రతులు ఎప్పటికప్పుడు ఒకే ఫైలులో భద్రపరచుకోండి.

అంతకంటే ముఖ్యం పని నేర్చుకోవడం. పరీక్షల విభాగం, ఎన్‌ఎస్‌ఎస్, నాక్ (కళాశాలల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ) కమిటీ బాధ్యతలను అడిగి మరీ తీసుకోండి. నా దృష్టిలో హాస్టల్ వార్డెన్ బాధ్యతను మించిన శిక్షణ లేదు. రాత్రి హాజరు పట్టీలో ఒక పేరు పక్కన ఖాళీ కనిపించగానే ఆ అమ్మాయి ఇంటికి ఫోన్ చేయడం, తల్లిదండ్రులు పెళ్లి మాట ఎత్తితే డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగమని ఓపికగా ఒప్పించడం అక్కడే అలవడతాయి.