ఊరి పక్కన రాతి క్వారీకి అభ్యంతరం ఎలా రాయాలి?

కర్ణాటకలో హోసకోటె, ఆనేకల్, దేవనహళ్లి, అటు చిక్కబళ్లాపురం దాకా మన తెలుగువాళ్ల ఊళ్లూ పొలాలూ చాలా ఉన్నాయి. క్వారీ వస్తోందని తెలిస్తే ఎక్కడైనా జరిగేది ఒకటే. వాట్సాప్‌లో మెసేజి తిప్పి, సంతకాలు పోగేసి, "దుమ్ము, శబ్దం, ప్రాణాలకు ముప్పు" అని రాసి డీసీ (జిల్లా కలెక్టర్) ఆఫీసులో ఇచ్చి వస్తారు. ఏ నిబంధన తప్పిందో అందులో ఉండదు కాబట్టి దాన్ని ఒక్క వాక్యంతో పక్కన పెట్టేయొచ్చు. నిజంగా నష్టపోయేవాళ్ల మాట అలా పోవడం చూస్తే కడుపు మండుతుంది.

కావలసినవి: సర్వే నంబరు, గూగుల్ ఎర్త్ ఉన్న కంప్యూటరు, ఫోన్లో దిశాంక్ యాప్ (మ్యాపు మీద సర్వే నంబర్లు చూపే కర్ణాటక ప్రభుత్వ యాప్).

ముందు కాగితాలు. పర్యావరణ అనుమతుల దరఖాస్తులుండే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్లో జిల్లా పేరుతో వెతికి దరఖాస్తు, మైనింగ్ ప్లాన్ దించుకోండి. జిల్లా సర్వే రిపోర్టు కూడా తీసుకోండి. ఎక్కడ రాయి తీయొచ్చో, ఎక్కడ ఇసుక తీయొచ్చో జిల్లా స్థాయిలో తేల్చేది అదే. దాని ముసాయిదాను 21 రోజులు జనం ముందు పెట్టాలని కేంద్ర పర్యావరణ శాఖ 2016 నోటిఫికేషన్ చెబుతోంది. ఆ 21 రోజుల్లో ఇచ్చిన ఒక్క పేజీ, లారీలు తిరగడం మొదలయ్యాక చేసే పది ధర్నాల పెట్టు.

ఇక అసలు పని 500 మీటర్ల లెక్క. చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

పెద్ద గుట్టను చిన్న ముక్కలు చేసి లీజులు తీసుకుంటే అనుమతుల బాధ తప్పుతుందన్న ఎత్తు పాతదే. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 5 హెక్టార్ల లోపు లీజులకూ పర్యావరణ అనుమతి తప్పనిసరి చేసింది. ఇప్పుడు రెండు లీజుల హద్దుల మధ్య దూరం 500 మీటర్ల లోపు ఉండి, ఖనిజం ఒకటే అయితే, వాటిని కలిపి ఒకే క్లస్టర్‌గా, అంటే ఒకే గుంపుగా చూడాలి. మొత్తం 5 హెక్టార్లు, అంటే సుమారు 12 ఎకరాల 14 గుంటలు దాటితే పర్యావరణ ప్రభావ అధ్యయనం చేయాలి, బహిరంగ విచారణ జరపాలి. ఒంటరిగా ఉన్న నాలుగెకరాల లీజుకు ఆ విచారణ ఉండదు. అందుకే చుట్టుపక్కల లీజులను మీరే లెక్కగట్టాలి.

మైనింగ్ ప్లాన్‌లో లీజు మూలలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటాయి. 13 డిగ్రీల 12 నిమిషాల 30 సెకన్లను 13.1230 అని కొట్టకండి. నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి కలిపితే వచ్చేది 13.2083. తప్పుగా కొడితే క్వారీ తొమ్మిది కిలోమీటర్ల అవతల, వేరే ఊళ్లో తేలుతుంది. మూలలు గుర్తించాక దిశాంక్‌లో సర్వే నంబరు సరిపోయిందో లేదో చూడండి. సరిపోకపోతే ముందుకు వెళ్లొద్దు.

దూరం హద్దు నుంచి హద్దుకు కొలవాలి, మధ్య నుంచి మధ్యకు కాదు. చదరంగా ఉన్న నాలుగెకరాల ముక్కలో మధ్య నుంచి హద్దుకు 60 మీటర్ల పైనే ఉంటుంది. రెండు లీజులకు కలిపి 120 మీటర్లు తేడా వస్తుంది. లెక్కలోకి రావలసిన లీజు అక్కడే జారిపోతుంది.

కనిపించిన గుంతనల్లా కలపొద్దు. మూడేళ్లు, అంతకు మించి పని ఆగిన లీజులు, 2016 జనవరి 15 నాటికే పర్యావరణ అనుమతి ఉన్నవి విస్తీర్ణం లెక్కలోకి రావు. ఒక్కటి తప్పుగా చేర్చినా అవతలివాళ్లు దాన్నే పట్టుకుని మిగతాదంతా కొట్టేస్తారు. వాటి ప్రభావాన్ని మాత్రం అధ్యయనంలో చూడాలి కనుక వాటికి విడిగా ఒక పేరా రాయండి. ఇటుక మట్టి గుంతను రాతి క్వారీతో కలపకండి. చివరగా మీ జాబితాను గనుల శాఖ ఇచ్చిన క్లస్టర్ స్కెచ్ (చుట్టుపక్కల లీజులు చూపే పటం) పక్కన పెట్టి చూడండి. మీ దగ్గర ఉండి అందులో లేని లీజే మీ అభ్యంతరానికి మొదటి వాక్యం.

రాయడం తేలికే. ఒకటే పేజీ, కన్నడలో, చేత్తో రాసి, మ్యాపు జత చేయండి. ఈమెయిల్ వద్దు. స్వయంగా వెళ్లి ఇచ్చి, సీలు వేసిన రసీదు లేకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలొద్దు.

విచారణ పెడితే కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు వస్తుంది. దాన్ని బహిష్కరించవద్దు. ఇంతమంది ఉంటేనే మొదలుపెట్టాలన్న కోరం నిబంధన లేదు. ఊరంతా ఇంట్లో కూర్చున్నా విచారణ జరిగినట్టే నమోదవుతుంది. చివర్లో జరిగినదంతా స్థానిక భాషలో చదివి వినిపించాలి. అప్పటిదాకా ఉండి, మీ మాట అందులో చేరిందో లేదో వినండి.

అయినా అనుమతి వస్తే 30 రోజుల్లో చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచికి అప్పీలు చేసుకోవాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజుల దాకా గడువిస్తారు. రసీదు, మ్యాపు ఉంటే వకీలు మొదటిరోజే పని మొదలుపెట్టగలరు.