మార్చిన స్ప్రైట్ మొరాయిస్తోందా? లక్షణం, కారణం, మరమ్మతు

ఎవరైనా తాము మార్చిన స్ప్రైట్ (ఆటలోని పాత్రకో వస్తువుకో వాడే చిన్న పిక్సెల్ బొమ్మ) ఫైలు పంపి "ఎక్కడో తేడాగా ఉంది, చూడండి" అంటే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. బొమ్మ అసలు సైజులోనే ఉందా? ఉందంటారు. తెరిచి చూస్తే ఉండదు.

అందుకే కింది లక్షణాల జోలికి వెళ్లేముందు ఒక్క నిమిషం ఈ పని చేయండి. బొమ్మలో అన్నిటికన్నా చిన్న వివరం ఏదో చూడండి. సాధారణంగా అది కంటిలోని మెరుపు చుక్క. బాగా జూమ్ చేసి, ఒక పిక్సెల్ సైజు పెన్సిల్‌ను దాని మీద పెట్టండి. పెన్సిల్ గడి ఆ చుక్కను సరిగ్గా కప్పేస్తే సరే. చుక్కలో నాలుగు గడులు పట్టాయంటే ఎవరో బొమ్మను రెండింతలు పెంచి సేవ్ చేశారు, తొమ్మిది పట్టాయంటే మూడింతలు. అప్పుడు సైజు తగ్గించే పద్ధతిని నియరెస్ట్ నైబర్‌లో (రంగులు కలపకుండా దగ్గరి పిక్సెల్‌నే తీసుకునేది) పెట్టి అసలు సైజుకు తీసుకురండి. కొత్త సైజును శాతంలో కాకుండా పిక్సెళ్లలో ఇవ్వండి. 96 పిక్సెళ్ల బొమ్మకు 33 శాతం అని కొడితే 31.68 వస్తుంది, ఒక వరస ఎగిరిపోవచ్చు. 32 అని కొడితే గొడవే లేదు.

కొన్ని చుక్కలు రెండు గడుల వెడల్పు, కొన్ని మూడు గడుల వెడల్పు ఉంటే అది రెండున్నర రెట్లు పెంచిన బొమ్మ. దాన్ని బాగుచేయడానికి కూర్చోకండి. అసలు ఫైలు వెతుక్కోవడమే తక్కువ పని.

కొత్తగా గీసిన భాగం అతికించినట్టుంది

నూటికి తొంభై సార్లు పైన చెప్పిన తనిఖీ చేయకపోవడమే కారణం. ఒంటి మీద చుక్కలు లావుగా ఉంటాయి, కొత్త జడ మాత్రం సన్నటి గీతలతో ఉంటుంది. సైజు సరిగానే ఉన్నా అలాగే కనిపిస్తే బయటి గీత చూడండి. పాత బొమ్మలో గీత నల్లగా కాకుండా లోపలి రంగుకే ముదురు ఛాయలో ఉందేమో. మీరు తెచ్చిన కత్తికి మాత్రం చుట్టూ కారు నలుపు ఉంటే అది అతుకులాగే కనిపిస్తుంది. తర్వాత వెలుగు దిక్కు. పాత బొమ్మకు వెలుగు ఎడమ పైనుంచి పడుతుంటే కత్తి మెరుపు కూడా ఎడమనే ఉండాలి.

రంగులన్నీ మార్చినా పాత పాత్రే కనిపిస్తోంది

కనిపించక ఏం చేస్తుంది? 1992 నాటి పోరాట ఆట మోర్టల్ కాంబాట్‌లో స్కార్పియన్, సబ్‌జీరో ఒకే నటుడి బొమ్మకు పసుపు, నీలం వేసి తయారు చేసినవే. ఇద్దరూ ముసుగు వేసుకున్న నింజాలే కాబట్టి అక్కడ అది చెల్లింది. మీ కథలో కవల సోదరులు ఉంటే తప్ప మీకు చెల్లదు.

మనిషిని గుర్తుపట్టేది రంగుతో కాదు, నీడరూపంతో. పాత బొమ్మను, మీ బొమ్మను పక్కపక్కన పెట్టి రెండిటినీ పూర్తిగా నల్లరంగుతో నింపండి. జూమ్ తీసేసి అసలు సైజులో చూడండి. ఏది ఏదో చెప్పలేకపోతే మీరు ఇంతవరకు చేసింది రంగులు వేయడమే. కళ్లు, చొక్కా మడతలు, మెరుపులు పక్కన పెట్టి ఆ నల్లటి ఆకారాన్నే చెక్కండి. 32 పిక్సెళ్ల ఎత్తున్న పాత్రలో తలను రెండు పిక్సెళ్లు పెంచితే వయసు తగ్గుతుంది. భుజాలను ఇరుపక్కలా ఒక్కో పిక్సెల్ లోపలికి తోస్తే బలవంతుడు బక్కవాడవుతాడు. నడుము గీతను రెండు పిక్సెళ్లు పైకి జరిపితే కాళ్లు పొడుగై నిలబడే తీరే మారిపోతుంది. ఆకారం కుదిరాక లోపలి నీడలను కొత్తగా వేయండి. పాత నీడలను సాగదీసి సర్దకండి, పాత కండరాలు కొత్త చొక్కాలోంచి తొంగిచూస్తాయి.

ఇంకో మాట. ఆకారం ఎంత మారినా, మరొకరి బొమ్మ మీద మొదలుపెట్టిన పని ఆ బొమ్మ లైసెన్సు షరతులకు లోబడే ఉంటుంది. క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సుల్లో సీసీ0 అయితే ఏ షరతూ లేదు. సీసీ-బై అయితే గీసినవారి పేరు చెప్పాలి. సీసీ-బై-ఎస్‌ఏ అయితే పేరు చెప్పడంతో పాటు మీ మార్పులను కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. 2012లో జరిగిన లిబరేటెడ్ పిక్సెల్ కప్ పోటీ నుంచి వచ్చిన బొమ్మలు చాలామంది వాడతారు, వాటికి ఈ షరతు ఉందని మాత్రం ఆట విడుదల చేసే ముందు రోజు గుర్తొస్తుంది. మార్కెట్లో ఉన్న ఆటలోంచి లాగిన స్ప్రైట్‌లయితే ఇంట్లో సాధన చేసుకోవడానికే.

రంగు పోసే బకెట్ సగమే నింపుతోంది, ఆటలో రంగు సగమే మారుతోంది

నా చేతులు కాలింది ఇక్కడే.

ఒక ఆటలో పాత్రకు విషం తగిలితే ఒళ్లంతా ఆకుపచ్చగా మారాలి. కోడ్ చేయాల్సిన పని చాలా సులువు: చర్మం రంగు ఎక్కడ కనిపించినా దాని స్థానంలో ఆకుపచ్చ పెట్టడం. విషం తగిలింది, మొహం ఆకుపచ్చగా మారింది. మెడ, చేతులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. కోడ్‌లో తప్పనుకుని మూడు రోజులు షేడర్‌ను (తెర మీద రంగులు వేసే కోడ్‌ను) తిరగేశాను. నాలుగో రోజు, ఇక ఏమీ తోచక, రంగు చూపించే పరికరంతో మొహం మీద ఒకసారి, చేయి మీద ఒకసారి నొక్కాను. మొహం 248, 184, 128. చేయి 255, 189, 132. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. బొమ్మలో చూస్తే రెండూ ఒకే చర్మం, నేను నెలరోజులుగా ఆ తేడాను గమనించనే లేదు. కోడ్‌కు మాత్రం అవి రెండు వేరువేరు రంగులు.

ఆ అంకెలు ఊరికే అలా రాలేదు. సూపర్ నింటెండో అనే పాత గేమ్ యంత్రం కాలపు రంగుల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 5 బిట్లే, అంటే 0 నుంచి 31 దాకా 32 మెట్లు. మన ఫైళ్లలో 8 బిట్లు, 0 నుంచి 255 దాకా. పాత అంకెను ఇటు తేవడానికి రెండు దారులున్నాయి. ఒకటి 8తో గుణించి ఊరుకోవడం: 31 కాస్తా 248 అవుతుంది, అక్కడితో ఆగుతుంది. రెండోది, గుణించాక ఖాళీగా మిగిలిన కింది మూడు బిట్లలో పాత అంకె పై మూడు బిట్లనే మళ్లీ నింపడం: 248కి 7 కలిసి 255 అవుతుంది. నా పాత్ర చర్మం అసలు అంకెలు 31, 23, 16. ఒకే మూల బొమ్మను ఇద్దరు వేరువేరుగా మార్చి పెట్టిన షీట్ల (ఫ్రేములన్నీ ఒకేచోట పేర్చిన ఫైళ్ల) నుంచి నేను తల ఒకచోట, ఒళ్లు ఒకచోట తీసుకున్నాను. తల మొదటి దారిలో వచ్చింది, ఒళ్లు రెండో దారిలో వచ్చింది.

ఈ జంట రంగులు ఇంకా ఎన్నో దారుల్లో చొరబడతాయి. స్క్రీన్‌షాట్ తీసి అందులోంచి కత్తిరించినా, ఫైలుకు అంటుకున్న కలర్ ప్రొఫైల్‌ను ఏదో ఎడిటర్ తనంతట తాను మార్చినా అంకెలు ఒకటి రెండు జరుగుతాయి. మెసేజ్‌లో ఫొటోగా వచ్చిన బొమ్మ అయితే జేపెగ్‌గా మారి వందల రంగులతో వస్తుంది. అలాంటిదాన్ని శుభ్రం చేయడానికి ప్రయత్నించకుండా పీఎన్‌జీ పంపమని అడగండి.

కాబట్టి సైజు తర్వాత చూడాల్సింది రంగుల లెక్క. ఏస్‌ప్రైట్ ఎడిటర్‌లో పాలెట్ (బొమ్మలోని రంగుల జాబితా) మెనూ నుంచి ప్రస్తుత స్ప్రైట్ ఆధారంగా కొత్త పాలెట్ తయారు చేయించండి. గింప్ ఎడిటర్‌లో రంగుల మెనూలో కలర్‌క్యూబ్ విశ్లేషణ ఎన్ని రంగులున్నాయో చెబుతుంది. చిన్న పాత్రకు పది పదిహేను రంగులు చాలు. నాదాంట్లో 14 ఉండాల్సిన చోట 23 తేలాయి. పాలెట్‌ను వెలుగు ప్రకారం వరస పెట్టించండి, జంటలు పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి.

అంకెలు చూసే ఓపిక లేకపోతే గులాబీ పరీక్ష చేయండి. బకెట్‌కు టాలరెన్స్ (ఎంత తేడా ఉన్న రంగులను ఒకటిగా లెక్కించాలో చెప్పే అంకె) 0 పెట్టి, ఆనుకుని ఉన్న పిక్సెళ్లకే పరిమితం చేసే గుర్తు తీసేసి, చర్మం మీద 255, 0, 255 రంగు పోయండి. ఆ కొట్టొచ్చే గులాబీ మధ్య చర్మం రంగులో ఏది మిగిలిపోయిందో అదే దొంగ. నాకు గడ్డం కింద ఏడు పిక్సెళ్ల వరస, దాని కింద రెండు చేతులు మిగిలాయి.

మరమ్మతుకు వరస ముఖ్యం. ముందు టైమ్‌లైన్‌లో అన్ని ఫ్రేములనూ, లేయర్లనూ ఎంచుకోండి. ఇది మరిచిపోయి ఒక ఫ్రేమ్‌ను మార్చకుండా వదిలేసినందుకు, నా పాత్ర నాలుగో అడుగు వేసినప్పుడల్లా చేయి ఒక్కసారి పాత రంగులో తళుక్కుమనేది. తర్వాత రంగు మార్చే ఆదేశంతో ఒక్కో జంటను ఒకే అంకెకు తీసుకురండి, టాలరెన్స్ 0తోనే. టాలరెన్స్ 8 పెడితే ఒక్క దెబ్బకు అయిపోతుంది కదా అని మీకు అనిపిస్తుంది. లేత రంగుల్లో అవుతుంది కూడా. ముదురు రంగుల్లో మాత్రం నీడకు, బయటి గీతకు మధ్య ఉన్న తేడానే అంత. రెండూ కలిసిపోయి జుట్టంతా ఒకే ముద్ద అవుతుంది.

జంటలన్నీ పోయాకే ఇండెక్స్డ్ మోడ్‌కు (ప్రతి పిక్సెల్‌కూ రంగు బదులు పాలెట్‌లోని గడి నంబరు దాచే పద్ధతికి) మార్చండి, డిథరింగ్ (చుక్కలు కలిపి లేని రంగును చూపడం) లేకుండా. ముందే మారిస్తే జంటలో ప్రతి రంగుకూ పాలెట్‌లో సొంత గడి దొరికి, దొంగకు ఇల్లు కట్టించినట్టవుతుంది. ఈ మోడ్‌లో ఇంకో గుంట ఉంది: ఏస్‌ప్రైట్ మామూలుగా 0వ గడిని పారదర్శకంగా పరిగణిస్తుంది. బయటి గీత నలుపు అక్కడ కూర్చుంటే గీత ఉండాల్సిన చోట కన్నాలు పడతాయి. 0వ గడిని ఖాళీకే వదిలేసి నలుపును వేరే గడిలో పెట్టండి.

నడిచేటప్పుడు టోపీ వణుకుతోంది

నడకలో తల ఒక ఫ్రేమ్‌లో ఒక పిక్సెల్ దిగుతుంది, మరోదాంట్లో లేస్తుంది. మీరు టోపీని ప్రతి ఫ్రేమ్‌లో కంటి అంచనాతో పెట్టారు. ప్రతి ఫ్రేమ్‌లో తల పైఅంచు ఎన్నో వరసలో ఉందో కాగితం మీద రాసుకోండి, టోపీని వేరే లేయర్‌లో ఉంచి అదే లెక్కన జరపండి. టోపీని ఫ్రేమ్‌కోసారి కొత్తగా గీయకండి. ఎడమకు తిరిగే బొమ్మను కుడి బొమ్మను తిప్పి చేస్తుంటే, ఒంటికన్ను పట్టీ లాంటివి కన్ను మారతాయని కూడా గుర్తుంచుకోండి.

ముదురు నేపథ్యంలో అంచు చుట్టూ మసక కనిపిస్తోంది

మెత్తటి రబ్బరు వాడారు, లేదా బ్రష్ అంచు నునుపు చేసే గుర్తు తీయలేదు. సగం పారదర్శక పిక్సెళ్లు మిగిలిపోయాయి. అట్టడుగున నిండు గులాబీ లేయర్ పెట్టి చూస్తే బయటపడతాయి, గట్టి అంచున్న రబ్బరుతో చెరిపేయండి. చేయిని తిప్పి పెట్టినప్పుడు వచ్చే గజిబిజి అంచుకూ మందు ఇదే. పిక్సెల్ బొమ్మలను తిప్పడానికే ఉన్న రాట్‌స్ప్రైట్ పద్ధతితో తిప్పితే గజిబిజి తగ్గుతుంది, పోదు. ఆఖరి పిక్సెళ్లు చేత్తో సర్దాల్సిందే.

ఎడిటర్‌లో బాగుంది, ఆటలో మసకబారింది

స్ప్రైట్ తప్పు కాదు, ఆట ఇంజన్ సెట్టింగులది. యూనిటీలో ఫిల్టర్ మోడ్‌ను పాయింట్‌కు మార్చి కంప్రెషన్ తీసేయండి. గోడో 4లో ప్రాజెక్టు సెట్టింగుల్లో టెక్స్చర్ ఫిల్టర్‌ను నియరెస్ట్‌కు పెట్టండి. పక్క ఫ్రేమ్ అంచు సన్నటి గీతలా తొంగిచూస్తుంటే షీట్‌లో ఫ్రేముల మధ్య రెండు పిక్సెళ్ల ఖాళీ వదలండి.

మానిటర్ రంగులు తప్పు చూపిస్తోందని, ఎడిటర్‌లో బగ్ ఉందని, గ్రాఫిక్స్ కార్డు పాడైందని కూడా చెబుతుంటారు. అలాంటివి ఉండవని కాదు. నా దాకా వచ్చిన ఫైళ్లలో ఒక్కటీ దానివల్ల పాడైంది కాదు. రంగుల లెక్క చూశాక కూడా మీకు అదే అనుమానం ఉంటే అదే ఫైలును మరో కంప్యూటర్‌లో తెరవండి, ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.